వాగ్దాన కార్డూ, కూలిన కొబ్బరితోటా: కష్టంలో దేవుణ్ణి నమ్మడం అంటే ఏమిటి?

2018 జనవరి 1. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు క్రైస్తవ సంఘం రాత్రి కూడిక అయ్యేసరికి పన్నెండు దాటిపోయింది. ఏటా లాగే వాగ్దాన కార్డుల బుట్ట వరసల మధ్య తిరిగింది. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వచనం, చేతికి వచ్చిన వచనమే ఆ ఏడాదికి దేవుడి మాట అనుకుంటాం. కొత్త సంవత్సరానికని పుట్టింటికి వచ్చిన మా అప్ప (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) కళ్లు మూసుకుని ఒక కార్డు తీసుకుంది. యిర్మీయా 29:11. ‘నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ అప్ప మొహం వెలిగిపోయింది. ఆ కార్డు బైబిలు అట్టలో దాచుకుని వాళ్ల ఊరు వెళ్లిపోయింది.

వాళ్లది గంజాం జిల్లాలో, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే తగిలే పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కాస్త కొబ్బరితోట, నాలుగు జీడిమామిడి చెట్లు. ఇల్లు గడిచేది వాటి మీదే.

ఆ ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా పర్లాకిమిడిలో ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు మట్టి కింద పోయారు. అప్ప వాళ్ల తోటలో నిలబడి మిగిలిన చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే మరుసటి ఏడు బావకి ఒళ్లంతా వాచింది. బరంపురంలో పరీక్షలు చేయిస్తే రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు.

ఆ రాత్రి అప్ప ఫోన్ చేసింది. “తమ్ముడూ, ఆ కార్డు దేవుడు ఇచ్చిందేనా? ఆయన ఇచ్చిందే అయితే మరి ఇదేటి?”

నా దగ్గర జవాబు లేదు. వారం రోజుల్లో మాత్రం జవాబు చెప్పేవాళ్లు చాలామంది వాళ్లింటికి వచ్చారు. వాళ్లు చెప్పినవి విన్నాక, ‘దేవుణ్ణి నమ్ము’ అనే చిన్న మాటలో మనం ఎన్ని వేరువేరు సంగతులు కలిపేసి చెబుతున్నామో నాకు తెలిసింది. ఆ చిక్కుముడి విప్పడానికే ఇది రాస్తున్నాను.

కార్డు మీద ఒక వచనం, ఉత్తరం మాత్రం పెద్దది

ముందు ఆ కార్డు సంగతే చూద్దాం. యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము ప్రజల్ని చెరపట్టి తీసుకుపోయాడు. ఊరు పోయి, పొలం పోయి, పరాయి భాష మాట్లాడే దేశంలో దిక్కు తోచక ఉన్న ఆ మనుషులకి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త ఉంటాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది, దోచుకుపోయిన ఆలయ పాత్రలతో సహా అన్నీ వెనక్కి వస్తాయి అని ఆయన ప్రకటించాడు. జనం వినాలనుకున్నది కూడా అదే. యిర్మీయా మాత్రం డెబ్భై సంవత్సరాలు అన్నాడు. డెబ్భై! ఆ ఉత్తరం విన్నవాళ్లలో నడివయసు వాళ్లెవరూ తిరిగి తమ ఊరు చూడరన్నమాట. ఈ ఇద్దరిలో అబద్ధ ప్రవక్త ఎవరో బైబిలు దాచకుండా చెబుతుంది. తొందరగా అయిపోతుందన్నవాడే.

మన కార్డు మీదున్న 11వ వచనం, డెబ్భై ఏళ్లు అని చెప్పిన 10వ వచనం వెనకే వస్తుంది. ఇంకా పైన, 5వ వచనంలో ఏముందో చూడండి: ‘ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి, తోటలు నాటి వాటి ఫలముల ననుభవించుడి.’ మీకు హాని తలపెట్టలేదని చెప్పిన దేవుడే, మీరు ఈ చెరలో చాలాకాలం ఉంటారు, తోటలు వేసుకోండి అని కూడా చెప్పాడు. తోట వేసుకోమన్నాడంటే, అది కాపుకొచ్చేదాకా అక్కడే ఉండాల్సి వస్తుందనే అర్థం.

అప్పకి ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. “అయితే కార్డు తప్పు కాదన్నమాట. నేను సగమే చదివినాను” అంది చివరికి. తప్పు తనది కాదు. కార్డు మీద అచ్చువేసింది సగమే. వాగ్దాన కార్డుల ఆచారం మానేయాలని నేను అనను, ఎంతోమంది గుండెకి అది ఆ ఏడాదికంతటికీ ఒక ఊత. కానీ ఆ కార్డు తీసిన రాత్రే ఇంటికి వెళ్లి ఆ అధ్యాయమంతా చదవమని ప్రతి పాస్టరు గారూ చెబితే, ఎంతమంది ఇంత కుంగిపోకుండా ఉంటారో!

ఐదు నిమిషాల్లో దొరికిన కారణాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాకు పక్కనే. అక్కడ ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందని పరిశోధకులు ఏళ్ల తరబడి వెతికారు. తాగే నీళ్లు, మట్టి, ఎండలో చేసే కష్టం, పురుగుమందులు, అన్నీ చూశారు. ఇదీ కారణం అని ఒక్కటి ఖాయంగా తేలలేదు. అలాంటి జబ్బుకి బావ మంచం పక్కన కూర్చున్న ఐదు నిమిషాల్లో కారణం చెప్పినవాళ్లు ఉన్నారు. ఒకాయన “ఒప్పుకోని పాపం ఏదో ఉంది” అన్నాడు. ఒకావిడ “దేవుడు తనకి ఇష్టమైనవాళ్లనే పరీక్షిస్తాడు” అంది. ఇంకొకాయన, బరంపురంలో జరిగే స్వస్థత కూటానికి తీసుకెళ్లి ఒక మంచి కానుక మొక్కుకోమన్నాడు. ముగ్గురూ మంచివాళ్లే. ప్రేమతోనే వచ్చారు. అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది.

బైబిల్లో ఆస్తినీ పిల్లల్నీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ఆయన స్నేహితులూ అలాగే వచ్చారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వాళ్లని మనం చెడ్డవాళ్లుగా చెప్పుకుంటాం కానీ, వచ్చిన కొత్తలో వాళ్లు చేసిన పని మనలో ఎవరమూ చేయం. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద యోబు పక్కన ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ఏడు రోజులూ వాళ్లు మంచి స్నేహితులు. నోరు తెరిచాకే చెడింది. దేవుడు న్యాయవంతుడు, న్యాయవంతుడు నిర్దోషిని శిక్షించడు, నీకు శిక్ష పడింది కాబట్టి నువ్వు దోషివి. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. యోబు దానికి చెప్పిన జవాబు ఇది: ‘మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు.’

ఆ పుస్తకం 42 అధ్యాయాలు. మధ్యలో ఎక్కువ భాగం ఈ వాదనే. యోబు మెత్తగా మాట్లాడడు. దేవుడు తనమీద బాణాలు వేస్తున్నాడంటాడు, తాను పుట్టిన రోజును శపిస్తాడు, దేవుడితో వ్యాజ్యం వేస్తానంటాడు. స్నేహితులు మాత్రం మొదటి నుంచీ దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని భక్తిగా మాట్లాడతారు. చివర్లో దేవుడు తీర్పు చెప్పేటప్పుడు ఎలీఫజుతో అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది: ‘నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు.’ దేవుణ్ణి సమర్థించినవాళ్లది తప్పు. దేవుడితో కొట్లాడినవాడిది ఒప్పు. ఎందుకంటే యోబు ఎంత అరిచినా ఆయన వైపు తిరిగే అరిచాడు. స్నేహితులు ఆయన గురించి మాట్లాడారు. ఆయనతో ఒక్కసారీ మాట్లాడలేదు.

ఇంకో సంగతి. మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో దేవుడికీ సాతానుకీ మధ్య జరిగిన సంభాషణ చదివేవాళ్లకి తెలుసు. యోబుకి తెలియదు. చివరిదాకా ఎవరూ ఆయనకి చెప్పరు. దేవుడు తుఫాను గాలిలోంచి మాట్లాడినప్పుడు కూడా ‘ఎందుకు’ అనే దానికి జవాబు లేదు. ‘నేను భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ నుంటివి?’ అని ప్రశ్నే ఉంది. అయినా యోబుకి సరిపోయింది. ఆయనకి కారణం దొరకలేదు, దేవుడు దొరికాడు. ఇది నాకు మొదట చాలని జవాబులా అనిపించేది. బావ మంచం దగ్గర రాత్రిళ్లు కూర్చున్నాక కొంచెం అర్థమైంది. ఆ సమయంలో జబ్బుమనిషికి వివరణ ఇచ్చినా వింటాడా? మనిషి కావాలి పక్కన.

పాపానికి శిక్ష అనే మాటని యేసు రెండుసార్లు సూటిగా కొట్టిపారేశాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడు, వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే, ఇద్దరిలో ఎవరూ కారన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోయినప్పుడు, యెరూషలేములో మిగతావాళ్లందరికంటే వాళ్లు పాపులనుకుంటున్నారా, కాదు అని చెప్పాడు. గజపతి కొండల్లో మట్టి కిందపడినవాళ్ల గురించి మా చుట్టుపక్కల కొన్ని మాటలు విన్నప్పుడు నాకు ఈ గోపురమే గుర్తొచ్చింది. తప్పుడు పనికి చెడ్డ ఫలితం ఉండదని బైబిలు అనదు. తాగితే కాలేయం చెడుతుంది. కానీ ఎవరికో కష్టం వచ్చింది కదా అని దాని వెనక పాపాన్ని వెతుక్కుంటూ పోవడానికి మనకెవరికీ హక్కు లేదు.

మొక్కుబడి సంగతి తొందరగానే తేల్చవచ్చు. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసవీరుల జాబితా ఉంది. అందులో కొందరు విశ్వాసంతో కత్తి అంచు తప్పించుకున్నారు, కొందరు అదే విశ్వాసంతో కత్తికి బలైపోయారు. మధ్యలో రెండు మూడు వచనాలే తేడా. కత్తి తప్పినవాళ్లు ఎక్కువ కానుక ఇచ్చారని అక్కడ లేదు. ఎంత ఇస్తే అంత దొరుకుతుందంటే అది బేరం. బేరం కుదరనప్పుడు పేదవాడు దేవుణ్ణి కూడా పోగొట్టుకుంటాడు, అప్పు మిగుల్చుకుంటాడు.

ఆమేన్ అన్నప్పుడు మనం అంటున్నదేమిటి

మనం విశ్వాసం, నమ్మకం, నిరీక్షణ అనే మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. రోజుకి పదిసార్లు అనే ‘ఆమేన్’ సంగతి అడిగితే, ‘అలాగే జరుగుగాక’ అంటాం. అది హెబ్రీ మాట. దాని ధాతువు అర్థం గట్టిగా ఉండటం, మోయగలిగి ఉండటం. చంటిబిడ్డని ఎత్తుకుని మోసేవాళ్లని చెప్పడానికి హెబ్రీలో ఆ ధాతువు నుంచి వచ్చిన మాటే వాడతారు. విశ్వాసానికి పాత నిబంధనలో వాడే మాటలు కూడా అక్కడి నుంచి వచ్చినవే. అంటే ‘నమ్ముతున్నాను’ అన్నప్పుడు నా మనసులో ఏ సందేహమూ లేదని చెప్పడం కంటే, నా బరువు ఆయన మీద వేస్తున్నాను అని చెప్పడమే ఎక్కువ. చంకలో ఉన్న బిడ్డ ఏడుస్తూనే ఉండొచ్చు, కాళ్లతో తన్నుతూ ఉండొచ్చు. అయినా బరువంతా అమ్మ మీదే ఉంది. ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని జబ్బుబిడ్డ తండ్రి యేసుతో అన్నది అలాంటి మాటే. యేసు ఆ సగం నమ్మకాన్ని తోసిపుచ్చలేదు. బిడ్డని బాగుచేశాడు.

తెలుగు బైబిల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది. ‘కనిపెట్టు.’ 130వ కీర్తనలో: ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది.’ ఊరికే ఎదురుచూడటం వేరు, కనిపెట్టుకుని ఉండటం వేరు. పసిబిడ్డని కనిపెట్టుకుని ఉండమంటాం, పొయ్యి మీద పాలు కనిపెట్టమంటాం. అందులో కన్ను ఉంది, మెలకువ ఉంది.

మా కొండవార ఊళ్లలో కావలి అంటే ఏమిటో అందరికీ తెలుసు. చోడి (రాగి), మొక్కజొన్న చేలు కంకి పట్టే రోజుల్లో అడవిపందులు వస్తాయి, కొన్ని చోట్ల ఏనుగులు కూడా. రాత్రంతా మంచె మీద ఒకడు కూర్చుంటాడు. కింద నెగడు, చేతిలో రేకు డబ్బా. చిన్నప్పుడు మా తాతతో నేనూ రెండు మూడు రాత్రులు కూర్చున్నాను. నిద్ర ఆగదు, చలి, చీకట్లో చిన్న చప్పుడైనా గుండె జారిపోతుంది. తాత మధ్యమధ్య “ఓయ్” అని కేకేసేవాడు. కాసేపటికి దూరంగా ఇంకో మంచె మీంచి “ఓయ్” అని వచ్చేది. ఏ పందీ రాకపోయినా అలా పిలుస్తూనే ఉండేవాడు. ఎందుకు తాతా అంటే, “అవతలోడు మేల్కొని ఉన్నాడని తెలిస్తే మనకి ధైర్యం” అనేవాడు.

కావలివాడు తెల్లవారుజాముని తొందరగా తీసుకురాలేడు. రాత్రి ఎంత ఉందో కూడా అతనికి సరిగ్గా తెలియదు. తెల్లారుతుందని మాత్రం తెలుసు. ఆ తెలిసినదాని మీదే చలిలో కూర్చుంటాడు. యాకోబు పత్రికలో యోబు సహనం గురించి రాసినచోట వాడిన గ్రీకు మాటకి కూడా దగ్గరి అర్థం ‘బరువు కింద నిలిచి ఉండటం.’ నోరు మూసుకుని ఉండటమని కాదు. యోబు ఎక్కడ నోరు మూసుకున్నాడు?

ఏడుపుకి బైబిల్లో ఉన్న చోటు

మా వైపు చావింట్లో ఆడవాళ్లు శోకాలు తీసి ఏడుస్తారు. పోయినవాడి మంచితనం, తమకి జరిగిన అన్యాయం, ఇక ముందు బతుకెలా అన్న భయం, అన్నీ ఆ రాగంలోనే. సంఘాల్లో దీన్ని ఆపుతారు. “విశ్వాసులు అలా ఏడవకూడదమ్మా, సాక్ష్యం పోతుంది” అంటారు. థెస్సలొనీకయులకు అపొస్తలుడైన పౌలు రాసిన మాట చూపిస్తారు. పౌలు అక్కడ ఏడవొద్దు అనలేదు. నిరీక్షణ లేనివాళ్లలాగా దుఃఖపడొద్దన్నాడు. దుఃఖం ఉంటుంది, దాని అడుగున నేల కూడా ఉంటుంది అని. లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా ‘యేసు కన్నీళ్లు విడిచెను.’ విలాపవాక్యములు అని మన బైబిల్లో ఒక పుస్తకానికి పేరే ఉంది. శోకాలకి ఒక పుస్తకమే ఇచ్చిన దేవుడి దగ్గర మా అప్పని ఏడవొద్దనడానికి మనమెవరం?

150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు మొరలే. ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని 13వది మొదలవుతుంది. అలాంటివి చాలావరకు చివరికి స్తుతిలోకి మళ్లుతాయి. 88వ కీర్తన మళ్లదు. దాని చివరి మాట: ‘చీకటియే నాకు బంధువర్గమాయెను.’ అంతే, అక్కడితో ఆగిపోతుంది. ఈ కీర్తనని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు, చివర ఒక మంచి మాట అతికించనూ లేదు. ఇప్పుడు మన సంఘాల్లో సాక్ష్యాలు గుర్తు చేసుకోండి. జబ్బు తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి చెబుతారు. తగ్గనివాళ్లు వెనక బెంచీలో కూర్చుంటారు. వాళ్లకి కూడా మైకు ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇంకా తగ్గలేదు, ఇంకా నమ్ముతున్నాను అన్నది కూడా సాక్ష్యమే. సిలువ మీద యేసు తన నోట పలికింది 22వ కీర్తన మొదటి మాట: ‘నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?’ విడిచిపెట్టావని అంటూనే ‘నా దేవా’ అని పిలిచాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరల భాషను ఆయన నేర్చుకున్నదీ ఇక్కడే. ఆ ఊళ్లోనే మేం ఇప్పటికీ దేవుడితో ‘దయచేయుము, కాపాడుము’ అని పుస్తక భాషలో మాట్లాడతాం. ఆ భాష మీద నాకు గౌరవం ఉంది, ఈ వ్యాసంలో వచనాలన్నీ అందులోవే. కానీ కష్టంలో ఉన్న మనిషి తన ఇంటి భాషలో ప్రార్థన చేస్తే లోపలిది బయటికి వస్తుంది.

ఓదార్పుగా చెప్పకూడని వచనం

‘సమస్తమును సమకూడి జరుగుచున్నవి.’ రోమా 8:28. చావింట్లో ఇది వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. వచనం నిజమే. చెప్పే సమయమే తప్పు. చాలామంది దీన్ని ‘జరిగిందంతా మంచిదే’ అని అర్థం చేసుకుంటారు. పౌలు అలా అనలేదు. దానికి కొంచెం ముందే సృష్టి అంతా మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని రాశాడు. మూలిగేది మంచి ఎలా అవుతుంది? తుఫాను మంచిది కాదు, కిడ్నీ జబ్బు మంచిది కాదు. వాటిని కూడా కలుపుకుని దేవుడు మేలు చేయగలడని ఆ వచనం చెబుతోంది. ఆ మేలు ఏమిటో తర్వాతి వచనంలో ఉంది: తన కుమారుడి పోలికలోకి మనల్ని మార్చడం. తోట తిరిగి రావడమని అక్కడ రాసిలేదు. భర్త శవం పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఈ వచనం పెడితే, ఆవిడకి వినపడేది ‘నీ మొగుడు పోవడమే నీకు మేలు’ అని. అదే పౌలు అదే పత్రికలో ‘ఏడ్చువారితో ఏడువుడి’ అని కూడా రాశాడు. ముందు అది చేద్దాం. ఆ వచనం ఆవిడకి కావలసి వచ్చిన రోజు ఆవిడే తెరుచుకుంటుంది.

మందు మానేయమన్న మాట

ఇది అన్నిటికంటే గట్టిగా చెప్పాలి. బావకి వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలసిస్. ఊరి నుంచి బరంపురం వెళ్లిరావడానికి ఆ రోజు మొత్తం పోయేది, కూలీ పోయేది. అలసిపోయి ఉన్న ఆ మనిషితో ఒకరు, పూర్తిగా దేవుడి మీద ఆనుకుంటే మిషను ఎందుకు అన్నారు. బావ రెండు వారాలు వెళ్లలేదు. ఊపిరి ఆడక తెల్లవారుజామున ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ, ఆ తర్వాత ఆయన మునుపటిలా లేచి తిరగలేదు.

పౌలుకి శరీరంలో ఒక ముల్లు ఉండేది. తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. దేవుడు తీయలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్నాడు. పౌలు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా? అదే పౌలు తన పక్కనున్న లూకాని ప్రియమైన వైద్యుడని రాశాడు. తిమోతి కడుపు జబ్బుకి ప్రార్థన చేసుకోమని ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో వదిలి వచ్చానని దాచకుండా రాశాడు. అపొస్తలుడి పక్కన ఉన్నవాడికి కూడా జబ్బు తగ్గలేదు, అయినా అది సిగ్గుపడే సంగతిలా రాయలేదు.

మన కొండల్లో సువార్త ఆస్పత్రి తలుపులోంచి కూడా వచ్చింది. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆస్పత్రి 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అనే డాక్టరమ్మతో మొదలైంది. గజపతి జిల్లా సెరంగోలో కెనడా బాప్తిస్టుల ఆస్పత్రి సవర పల్లెలకి మందు ఇచ్చింది. వాళ్లు ప్రార్థన చేసి సూది వేశారు, సూది వేసి ప్రార్థన చేశారు. ఆ రెండిటి మధ్య గోడ కట్టింది మన తరమే. దేవుణ్ణి నమ్మినవాడు మాత్ర మింగడు అని చెప్పే నోటిని సంఘపెద్దలు అక్కడికక్కడే ఆపాలి. మొహమాటపడితే ఒక ప్రాణం పోతుంది.

మనుషులు చేసే కీడు

తుఫాను మీద కోపం పెట్టుకోలేం. మనుషులు కావాలని చేసిన కీడు వేరు. 1999 జనవరి 22, 23 తేదీల మధ్య రాత్రి ఒడిశా కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ తగలబెట్టారు. ఆయన బారిపదలో కుష్ఠురోగుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లని క్షమిస్తున్నానని అందరి ముందూ చెప్పారు. వెంటనే దేశం విడిచి వెళ్లలేదు. కూతురితో 2004 దాకా ఇక్కడే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ తర్వాత 2008లో కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్లూ చర్చిలూ కాలినప్పుడు వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. వాళ్లలో చాలామంది పేరు మనకి తెలియదు.

గ్లాడిస్ గారి ఉదాహరణని ఒక్కోసారి తప్పుగా వాడతారు. దెబ్బతిన్నవాళ్లతో “ఆవిడ క్షమించింది కదా, నువ్వెందుకు కేసు పెడతావు” అంటారు. క్షమించడం ఆవిడ చేసిన పని. నేరాన్ని విచారించి శిక్ష వేయడం కోర్టు పని, కోర్టు ఆ పని చేసింది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు. పగ తీర్చుకోవడం దేవుడికి వదిలేయమన్న వచనం, న్యాయం అడగడం మానేయమని చెప్పదు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ‘నీ సిలువ’ అని భరించమని ఏ ఆడపిల్లకీ చెప్పకూడదు. అది సిలువ కాదు, నేరం.

తోట

హబక్కూకు ప్రవక్త పుస్తకం చివర ఒక ప్రార్థన ఉంది. ‘అంజూరపు చెట్లు పూయకుండినను, ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను’ అని మొదలై, ఒలీవచెట్లు, పైరు, గొర్రెలు, పశువులు, రైతు ఇంట్లో ఉండే ప్రతిదాన్నీ పేరు పెట్టి చెప్పి, ఇవేవీ లేకపోయినా ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అంటుంది. చెప్పింది రైతుల నష్టాల పట్టీ. ఒక్కటీ వదల్లేదు, తగ్గించి చెప్పలేదు. అప్ప దాన్ని చదివేటప్పుడు అంజూరం బదులు కొబ్బరి అని, ద్రాక్ష బదులు జీడిమామిడి అని చదువుతుంది. ‘ఆనందించెదను’ దగ్గరికి వచ్చేసరికి కొన్ని రోజులు గొంతు పెగలదు. అప్పుడు పుస్తకం మూసేస్తుంది.

2019 వానాకాలంలో, బావ ఇంకా ఉండగానే, కొబ్బరి మొక్కలు వేశారు. ఆయన కుర్చీలో కూర్చుని ఎక్కడ గొయ్యి తీయాలో చూపించేవాడు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుందని ఆయనకి తెలుసు, డాక్టర్లు తన గురించి ఏం చెప్పారో కూడా తెలుసు. 2021లో పోయాడు. సంఘంవాళ్లు వచ్చారు. మొదట్లో పాపం సంగతి మాట్లాడినాయన కూడా వచ్చాడు. ఈసారి ఏమీ మాట్లాడలేదు. పదకొండు రోజులు రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్లేవాడు. ఆయన రావడం నాకు మా తాత మంచె మీంచి వినిపించిన “ఓయ్” లాగా ఉండేది.

మొన్న వాళ్లింట్లో పడుకున్నాను. రాత్రి నీళ్ల కోసం లేస్తే అప్ప పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. కొన్ని మొక్కలు పోయాయి, కొన్ని మనిషికి రెండింతలు ఎదిగాయి. ఒకదానికి మొదటి గెల వేసింది. నేను ఉన్నానని తెలియక పైకే మాట్లాడుతోంది. “ఎందుకు చేసినావో నాకు ఇప్పటికీ చెప్పనేదు. సరే, చెప్పకు. ఈ రాత్రికి మాత్రం నా కాడే ఉండు.” కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి, ఆవు తాడు సరిగ్గా ఉందో లేదో చూసి, తలుపు దగ్గరికి వేసింది.